ఆపినవాడు కారణం చెప్పాలి

బస్సులోనో రైల్లోనో ఒక దేశం నుంచి పక్క దేశంలోకి వెళ్లొచ్చినవాళ్లు నలుగురు కలిస్తే, కాసేపటికి మాటలు సరిహద్దు గార్డుల మీదికి మళ్లుతాయి. చూసొచ్చిన కొండలూ కోటలూ పక్కకు పోతాయి. ఒకరు అర్ధరాత్రి బస్సు దింపి చలిలో నిలబెట్టిన సంగతి చెబుతారు. ఇంకొకరు బ్యాగంతా బల్ల మీద బోర్లించిన సంగతి. మరొకరు తన పాస్‌పోర్ట్ పట్టుకుని లోపలికి వెళ్లిన మనిషి గంటైనా తిరిగిరాని సంగతి. ఇలాంటివి ఏళ్ల తరబడి వింటున్నాను, నావీ చెబుతున్నాను. మనుషులు మారినా, దేశాలు మారినా ఒక్క మాట మాత్రం అందరి నోటా వస్తుంది: "ఎందుకు ఆపారో చివరిదాకా చెప్పలేదు."

ఆపారన్న కోపం రెండు రోజుల్లో పోతుంది. చెప్పలేదన్న బాధ మాత్రం ఉండిపోతుంది. నేను ఈ వ్యాసం రాస్తున్నది దాని గురించే. గార్డు నవ్వాడా, ముఖం మాడ్చుకున్నాడా అన్నది నాకు ముఖ్యం కాదు. మనిషిని ఆపితే ఎందుకు ఆపాడో చెప్పాలి. వెనక్కి పంపితే ఆ కారణం కాగితం మీద రాసివ్వాలి. ఎవరు ఆపారో తెలియడానికి ఒక పేరో నంబరో అడిగితే ఇవ్వాలి. ఆ నిర్ణయం తప్పనుకుంటే ఇంకొకరి దగ్గర అప్పీలు చేసుకునే దారి ఉండాలి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు, కొన్ని దేశాల్లో ఇప్పటికే చట్టంలో ఉన్నదే.

ముందు ఆ కౌంటరు దగ్గర మన పరిస్థితి ఏమిటో చూద్దాం. దేశం లోపల పోలీసు మన సామాను వెతకాలంటే చాలా చోట్ల ఏదో ఒక ఆధారమో వారంటో కావాలి. సరిహద్దు దగ్గర ఆ లెక్క మారిపోతుంది. అమెరికా సుప్రీంకోర్టు 1977లో రామ్సే కేసులో, సరిహద్దు తనిఖీ సరిహద్దులో జరుగుతోంది కాబట్టే అది సమంజసమని తేల్చింది. 2004లో ఫ్లోరెస్-మోంటానో కేసు వచ్చింది. మెక్సికో నుంచి కాలిఫోర్నియాలోకి వస్తున్న ఒక కారు పెట్రోలు ట్యాంకును మెకానిక్‌తో ఊడదీయించి చూస్తే గంజాయి దొరికింది. ఏ అనుమానమూ చూపించకుండా ట్యాంకు ఊడదీయవచ్చా అన్నది కోర్టు ముందున్న ప్రశ్న. ఊడదీయవచ్చని జడ్జీలందరూ ఏకగ్రీవంగా చెప్పారు.

ట్యాంకు సరే. ఇప్పుడు మనుషుల బతుకంతా ఫోన్లో ఉంది. అమెరికా కస్టమ్స్, సరిహద్దు విభాగం 2018లో పెట్టుకున్న నిబంధన ప్రకారం, ఆఫీసరు ఫోను చేతిలోకి తీసుకుని తెర మీద చూడడానికి ఏ అనుమానమూ అక్కర్లేదు. దాన్ని వేరే పరికరానికి తగిలించి లోపలున్నదంతా కాపీ చేయాలంటే మాత్రం తగిన అనుమానమో, దేశ భద్రతకు సంబంధించిన కారణమో ఉండాలి, పై అధికారి ఒప్పుకోవాలి. 2024 ఆర్థిక సంవత్సరంలో అక్కడ 42 కోట్ల పైచిలుకు ప్రయాణికులు దాటితే, ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ చూసింది సుమారు 47 వేల సార్లు అని ఆ విభాగమే చెప్పింది. శాతంలో చూస్తే చాలా చిన్న సంఖ్య. ఆ విభాగం కూడా ఈ శాతాన్నే చూపిస్తుంది. కానీ ఎదుటివాడు నా ఇంటివాళ్ల ఫోటోలు వేలితో ఒక్కొక్కటిగా తోస్తూ పోతుంటే, పక్కన నిలబడ్డ నాకు ఆ శాతం ఏ ఊరటా ఇవ్వదు. "నన్నే ఎందుకు?" అన్నదానికి జవాబు కావాలి.

ఇంకో మెట్టు పైకి వెళ్దాం. అమెరికాలో 1996లో చేసిన చట్టం ప్రకారం, పత్రాలు సరిగ్గా లేవనో అబద్ధం చెప్పారనో సరిహద్దు ఆఫీసరు తేలిస్తే, విదేశీయుణ్ణి జడ్జి ముందుకు తీసుకెళ్లకుండానే పంపేయవచ్చు. పై అధికారి సరేనంటే చాలు. అలా పంపేసినవాళ్లు మామూలుగా ఐదేళ్ల దాకా తిరిగి అడుగుపెట్టడానికి లేదు. స్వదేశంలో శరణు కోరేంత భయం ఉందని చెప్పినవాళ్లకు వేరే విచారణ ఉంటుంది. మిగతావాళ్ల ఐదేళ్లు ఒక కౌంటరు దగ్గర, కొన్ని ప్రశ్నలతో తేలిపోతాయి.

ఇంత అధికారం ఆదినుంచీ ఉన్నదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు యూరప్‌లో చాలా దేశాల మధ్య పాస్‌పోర్ట్ లేకుండానే జనం తిరిగేవాళ్లు. యుద్ధం కోసం తాత్కాలికంగా పెట్టిన తనిఖీలు యుద్ధం అయ్యాక కూడా పోలేదు. 1920లో నానాజాతి సమితి పారిస్‌లో సమావేశం పెట్టి పాస్‌పోర్ట్ పుస్తకానికి ఒక నమూనా ఖాయం చేసింది. అంటే వరసలో నిలబడి, పుస్తకం అందించి, కిటికీ అవతలి మనిషి ముఖం వైపు చూస్తూ నిలబడే ఈ పద్ధతి వందేళ్ల నాటిది మాత్రమే. యుద్ధకాలపు అలవాటును శాంతికాలంలోకి తెచ్చుకున్నప్పుడు, దానికి లెక్క చెప్పే బాధ్యతను కూడా తెచ్చుకుని ఉండాల్సింది. అది మాత్రం అక్కడే వదిలేశారు.

నేను కళ్లారా చూసింది ఒకటి చెబుతాను. ఏ సరిహద్దో చెప్పను. ఎక్కడైనా జరిగేదే.

రాత్రి బస్సు. తనిఖీ కేంద్రం దగ్గర అందరినీ సామానుతో దింపారు. రేకుల షెడ్డు కింద పొడవాటి స్టీలు బల్ల, దాని వెనక ఇద్దరు గార్డులు. నా ముందు ఒక పెద్దావిడ. ఆవిడ చిన్న సంచీలోంచి మందులు బయటికి వచ్చాయి. గార్డు ఒక్కో మందుల షీటూ తీసి, తిప్పి చూసి, బల్ల మీద వరసగా పేర్చాడు. అట్టపెట్టె ఉన్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క. రెండు మాత్రలు వాడేసిన ఒక షీటును వెలుతురుకి ఎత్తి చూశాడు. ఆవిడ నాలుగు మడతలు పెట్టిన డాక్టరు చీటీ తీసి ముందుకు చాపింది. అతను దాని వైపు చూడలేదు. ఆవిడ చెయ్యి మాత్రం అలాగే చాచి ఉంది. కాసేపటికి అతను ఆవిడ పాస్‌పోర్ట్ తీసుకుని పక్కనున్న గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

తర్వాత జరిగింది నాకు ఇంకా ఎక్కువ గుర్తుంది. పది నిమిషాలు గడిచేసరికి లైనులో గొణుగుడు మొదలైంది. డ్రైవరు వచ్చి ఒకసారి గడియారం చూపించి వెళ్లాడు. ఇరవై నిమిషాలకు జనం కోపం ఆవిడ మీదికి తిరిగింది. ఇన్ని మందులు ఎందుకు తెచ్చుకోవాలి అన్నారు ఒకరు. ఏదో ఉండే ఉంటుంది, లేకపోతే ఊరికే ఆపుతారా అన్నారు ఇంకొకరు. తలుపు వేసుకున్న గదిని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆపినవాడు కారణం చెప్పకపోతే, ఆ ఖాళీని చుట్టూ ఉన్నవాళ్లు అనుమానంతో నింపుతారు. ఆపబడ్డ మనిషి అప్పటికప్పుడు దోషి అయిపోతుంది.

చివరికి అతను బయటికొచ్చి పాస్‌పోర్ట్‌ను బల్ల మీద పెట్టి గడ్డంతో దారి చూపించాడు. ఆవిడ ఏదో అడగబోయింది. అప్పటికే అతను నన్ను రమ్మని వేలు ఆడించాడు. ఆవిడ చేతులు వణుకుతున్నాయి, మందులు సంచీలోకి చేరడం లేదు. నేనూ ఇంకొకతనూ సాయం పట్టాం. బస్సెక్కాక, మా ఇద్దరికీ అంతంతమాత్రంగా వచ్చిన భాషలో ఆవిడ నన్ను అడిగింది: "నేనేమైనా తప్పు చేశానా?" నేనేం చెప్పగలను? నాకూ తెలియదు. ఆవిడ ఆ ప్రశ్న అడగాల్సినది నన్ను కాదు. అడగాల్సిన మనిషి దగ్గర అడిగే అవకాశమే లేకపోయింది.

ఇంకో సరిహద్దులో నన్నే ఆపారు. నా పాస్‌పోర్ట్‌ను ఆఫీసరు యంత్రం మీద పెట్టాడు, తీశాడు, తుడిచి మళ్లీ పెట్టాడు. నాకు టెన్షన్ మొదలైంది. అతను పేజీని నా వైపు తిప్పి, కింద అంకెలూ అక్షరాలూ ఉండే వరుస మీద గీత పడ్డ చోటు గోటితో చూపించాడు. "యంత్రం చదవడం లేదు. నంబరు చేత్తో కొట్టి సరిచూడాలి. పది నిమిషాలు పడుతుంది, అక్కడ కూర్చోండి," అన్నాడు. నిజానికి పది నిమిషాల కంటే చాలా ఎక్కువే పట్టింది. మధ్యలో ఒకసారి బయటికొచ్చి, అవతలి ఆఫీసు నుంచి ఇంకా జవాబు రాలేదని చెప్పి వెళ్లాడు. అతను నవ్వలేదు, క్షమించమనీ అనలేదు. కానీ నేను నిశ్చింతగా కూర్చున్నాను. నా వెనకవాళ్లు కూడా నన్ను అనుమానంగా చూడలేదు. వాళ్లూ ఆ మాట విన్నారు కదా. ఆ పెద్దావిడకు దొరకనిది, నాకు దొరికింది ఆ మూడు వాక్యాలే.

గార్డులు ఎందుకు చెప్పరు? మనుషులు చెడ్డవాళ్లు కాబట్టి అంటే నేను ఒప్పుకోను. వాళ్ల ఉద్యోగం అలా తయారైంది. తప్పుడు మనిషిని ఒక్కణ్ణి వదిలితే రేపు విచారణ జరుగుతుంది, ఆ రోజు కౌంటరులో ఎవరున్నారో వెతుకుతారు, ఉద్యోగం పోవచ్చు. వెయ్యి మంది మంచివాళ్లను గంటల తరబడి నిలబెడితే అడిగే నాథుడు లేడు. ఒక పక్కే శిక్ష ఉన్నప్పుడు ఎవరైనా రెండో పక్కకే జరుగుతారు. దానికి తోడు లైను కదలాలి, షిఫ్టు ముగియాలి, లారీల పొగ, పదే పదే అవే ప్రశ్నలు, ప్రయాణికుల నోటి దురుసు. వాళ్ల పని కష్టం, అందులో సందేహం లేదు. అందుకే "మర్యాదగా ఉండండి" అని గోడకు బోర్డు తగిలిస్తే ఏమీ మారదంటాను. లెక్క చెప్పాల్సిన అవసరం రెండో పక్కన కూడా పుట్టాలి.

అనుమానించడమే తప్పని నేను అనడం లేదు. 1999 డిసెంబరు 14న కెనడాలోని విక్టోరియా నుంచి అమెరికాలోని పోర్ట్ ఏంజెలెస్ రేవుకు వచ్చిన ఫెర్రీలోంచి చివరిగా దిగిన కార్లలో ఒకదాన్ని డయానా డీన్ అనే కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ ఆపింది. ఎక్కడికి వెళ్తున్నావు, ఎందుకు అని మామూలు ప్రశ్నలే వేసింది. అతను తడబడ్డాడు, చెమటలు పట్టాయి. తోటి ఉద్యోగులు కారు డిక్కీలో స్టెప్నీ టైరు ఉండే గుంతను తెరిస్తే పేలుడు పదార్థాలు బయటపడ్డాయి. అతని పేరు అహ్మద్ రెస్సామ్. లాస్ ఏంజెలెస్ విమానాశ్రయాన్ని పేల్చడానికి వెళ్తున్నాడు. ఎంతమంది ప్రాణాలు నిలిచాయో లెక్కకట్టలేం. ఆ రోజు పనిచేసింది ఒక మనిషి చూపు. ఎందుకు అనుమానం వచ్చిందో డీన్ మాటల్లో చెప్పగలిగింది, కోర్టులోనూ చెప్పింది. చెప్పగలిగే అనుమానానికీ చెప్పడానికి ఏమీ లేని అనుమానానికీ మధ్య చాలా దూరం ఉంది. కారణం చెప్పాలన్న నియమం ఈ రెంటినీ విడదీస్తుంది. డీన్ లాంటివాళ్లకు అది అడ్డం రాదు. మనిషి రంగు చూసో, పాస్‌పోర్ట్ అట్ట చూసో, పొద్దున ఎవరితోనో గొడవపడి వచ్చో ఆపేవాళ్లకే అడ్డం వస్తుంది.

పాస్‌పోర్ట్ అట్ట అన్నాను కాబట్టి ఒక మాట. ఒకే బస్సులో వచ్చి, ఒకే లైనులో నిలబడి, ఒకే రకం సామానున్న ఇద్దరిలో ఒకరికి స్టాంపు పది క్షణాల్లో పడుతుంది, ఇంకొకరికి రిటర్న్ టికెట్టు, హోటల్ బుకింగు, బ్యాంకు స్టేట్‌మెంటు, బంధువు ఫోన్ నంబరు అన్నీ కావాలి. దేశాన్ని బట్టి వీసా నియమాలు వేరుగా ఉంటాయి, అది సరే. కానీ వీసా చేతిలో ఉన్నాక కూడా గొంతు స్థాయి మారడం ఏ నియమంలోనూ లేదు. బలమైన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు "నాకెప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదే" అంటుంటారు. నిజమే, వాళ్లకు రాదు. పక్క కౌంటరు వైపు కూడా ఒకసారి చూడమని వాళ్లకు నా విన్నపం.

చట్టంలో ఉన్నదే అడుగుతున్నానని పైన అన్నాను. తమ మధ్య సరిహద్దు తనిఖీలు మామూలుగా ఎత్తేసుకున్న యూరప్ దేశాలను షెంగెన్ దేశాలంటారు, వాటికో సరిహద్దు నియమావళి ఉంది. 2016 నాటిది, యూరప్‌లో షెంగెన్ దేశాలన్నిటికీ వర్తిస్తుంది. దాని 7వ అధికరణం గార్డులు ప్రయాణికుడి గౌరవాన్ని పూర్తిగా కాపాడాలనీ, జాతి, మతం, వయసు లాంటి వాటిని బట్టి తేడా చూపకూడదనీ చెబుతుంది. 8వ అధికరణం ఇంకా నిర్దిష్టంగా ఉంటుంది. విదేశీయుణ్ణి లైను నుంచి పక్కకు తీసుకెళ్లి లోతుగా తనిఖీ చేస్తే, ఆ తనిఖీ ఎందుకో, ఎలా జరుగుతుందో రాతపూర్వకంగా ఇవ్వాలి. తనిఖీ చేసే గార్డు పేరో, సర్వీసు నంబరో అడిగే హక్కు ఉందని కూడా ఆ కాగితంలో ఉండాలి. 14వ అధికరణం ప్రకారం వెనక్కి పంపితే ఖచ్చితమైన కారణాలతో నిర్ణయం ఇవ్వాలి, దాని మీద అప్పీలుకు వెళ్లవచ్చు.

ఆ తిరస్కరణ పత్రం నమూనా నియమావళి చివర్లోనే ఉంది. కారణాలన్నీ ముందే అచ్చువేసి ఉంటాయి, ఒక్కో కారణానికీ ఒక్కో అక్షరం. సరైన ప్రయాణ పత్రం లేదు, దొంగ పత్రం, వీసా లేదు, వచ్చిన పని ఏమిటో చూపించలేకపోయారు, 180 రోజుల్లో 90 రోజులు ఇప్పటికే ఉండిపోయారు, ఖర్చులకు డబ్బు చాలదు, ఇలా. గార్డు చేయాల్సింది సరైన గడిలో టిక్కు పెట్టడం, సంతకం చేయడం. ఇటీవలి దాకా పాస్‌పోర్ట్‌లో కూడా ఎంట్రీ స్టాంపు వేసి, దాని మీద చెరగని నల్ల సిరాతో అడ్డంగా కొట్టి, కుడిపక్కన ఆ అక్షరం రాసేవాళ్లు. 2025 అక్టోబరు నుంచి మొదలైన ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఆ వివరం కంప్యూటరులోకి వెళుతోంది. "కారణాలు రాస్తూ కూర్చుంటే లైను కదలదు" అనేవాళ్లకు ఈ పత్రమే జవాబు. ఒక టిక్కుకు ఎంతసేపు పడుతుంది?

"కారణం చెబితే దొంగలు జాగ్రత్తపడతారు కదా" అన్నది ఇంకో అభ్యంతరం. దీనిలో కొంత నిజం ఉంది. నిఘా సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పమనడం లేదు. షెంగెన్ పత్రంలో కూడా శాంతిభద్రతలకు ప్రమాదం అని ఒక గడి ఉంది, హెచ్చరిక జాబితాలో పేరుంది అని ఇంకో గడి ఉంది. వివరాలు బయటపడవు, కానీ అడ్డం ఎక్కడుందో మనిషికి తెలుస్తుంది. పేరు కలవడం వల్ల జాబితాలో పొరపాటున ఇరుక్కున్నవాళ్లు కనీసం దాన్ని సరిచేయించుకునే పని మొదలుపెట్టగలరు.

ఇక్కడా లోపాలున్నాయి. అప్పీలు వేసినంత మాత్రాన గేటు తెరుచుకోదు, ముందు వెనక్కి వెళ్లాల్సిందే. అసలు పెద్ద లోపం కౌంటరు దగ్గర లేదు, కౌంటరు లేని చోట ఉంది. 2017 నవంబరులో ఒక అఫ్గాన్ కుటుంబం రాత్రిపూట సెర్బియా నుంచి క్రొయేషియాలోకి వచ్చింది. పోలీసులు వాళ్లను రైలు పట్టాల వెంట తిరిగి వెళ్లిపొమ్మన్నారని ఆ కుటుంబం చెప్పింది. ఆ పట్టాల మీద రైలు ఢీకొని ఆరేళ్ల పాప చనిపోయింది. 2021 నవంబరులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం క్రొయేషియాను తప్పుపట్టింది. పాప మరణం మీద సరైన దర్యాప్తు జరగలేదనీ, తల్లినీ పిల్లలనూ విచారణ ఏమీ లేకుండా మూకుమ్మడిగా గెంటేసినట్టేననీ తీర్పు చెప్పింది. ఆ రాత్రి ఏ పత్రం మీదా టిక్కు పడలేదు, సంతకం లేదు, కెమెరా రికార్డింగు లేదు. మన లాంటి పాస్‌పోర్ట్ ప్రయాణికులకు కాగితం ఒక సౌకర్యం. వాళ్లకు అది ప్రాణానికి సంబంధించిన విషయం. కాగితం పుట్టిన చోట మనిషి అక్కడికి వచ్చాడన్న సాక్ష్యం పుడుతుంది. ఆ సాక్ష్యం ఉన్న మనిషిని పట్టాల మీదికి తోలడం అంత తేలిక కాదు.

కొందరు మిత్రులు ఇంకో మాట అంటారు. గార్డు ఇష్టానికి వదలడమే తప్పు, అంతా యంత్రాలకు అప్పగించేస్తే సరి అని. నేను ఒప్పుకోను.

1938 ఆగస్టులో స్విట్జర్లాండ్ తన సరిహద్దును, నాజీల చేతికి చిక్కిన ఆస్ట్రియా నుంచి పారిపోయి వస్తున్న యూదులకు మూసేసింది. సెయింట్ గాలెన్ ప్రాంతపు పోలీసు అధికారి పాల్ గ్రూనింగర్ వాళ్లను రానిచ్చాడు. సరిహద్దు మూయకముందే వచ్చినట్టుగా తేదీలు వెనక్కి వేసి పత్రాలు ఇచ్చాడు. వందలాది మంది బతికారు. వేలల్లో ఉంటారనే అంచనాలూ ఉన్నాయి. 1939లో ఆయన ఉద్యోగం ఊడింది, మరుసటేడు కోర్టు శిక్ష వేసింది, పింఛను పోయింది. 1972లో పేదరికంలోనే చనిపోయాడు. ఆయన దోషి కాదని కోర్టు తేల్చింది 1995లో.

గోడతో రెండుగా చీలిన బెర్లిన్‌లో, 1989 నవంబరు 9 రాత్రి, తూర్పు నుంచి పడమరకు వెళ్లే బోర్న్‌హోల్మర్ వీధి గేటు దగ్గర తూర్పు జర్మనీ సరిహద్దు అధికారి హరాల్డ్ యేగర్ డ్యూటీలో ఉన్నాడు. ప్రయాణాలకు వెంటనే అనుమతి అని పాలక పార్టీ ప్రతినిధి టీవీలో నోరు జారాడు. జనం గేటు మీదికి వచ్చారు. యేగర్ పై అధికారులకు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. మరీ గట్టిగా అరుస్తున్నవాళ్లను బయటికి వదలండి, కానీ గుర్తింపు కార్డులో వాళ్ల ఫోటో మీద స్టాంపు కొట్టండి, మళ్లీ లోపలికి రాకుండా అన్నది పైనుంచి వచ్చిన ఆదేశం. కాసేపటికి అలా బయటికెళ్లిన ఒక యువ జంట తిరిగొచ్చింది. ఇంట్లో పిల్లలు నిద్రపోతున్నారు, వెళ్లాలి అన్నారు. కార్డులో ఫోటో మీద స్టాంపు ఉంది, రూలు ప్రకారం వాళ్లిక ఆ దేశస్థులు కారు. యేగర్ వాళ్లను లోపలికి రానిచ్చాడు. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో, పైనుంచి ఆదేశం ఏదీ లేకుండానే, గేటు తెరవమన్నాడు. ఆ స్థానంలో యంత్రం ఉంటే ఫోటో మీద స్టాంపు చూసి ఎర్రదీపం వెలిగించేది. పిల్లలు నిద్రపోతున్నారన్న మాట దానికి వినపడదు.

యంత్రాలు పనికిరావని కాదు. సింగపూర్, మలేసియాల మధ్య సముద్రానికి అడ్డంగా వేసిన జోహోర్ కాజ్‌వే రోడ్డు మీద రోజూ లక్షల మంది ఉద్యోగాలకు అటూ ఇటూ తిరుగుతారు. 2024 మార్చి నుంచి వుడ్‌ల్యాండ్స్, తువాస్ తనిఖీ కేంద్రాల దగ్గర సింగపూర్ కార్లవాళ్లకు క్యూఆర్ కోడ్ పద్ధతి పెట్టింది. రోజూ వెళ్లొచ్చేవాళ్లకు అది పెద్ద వరం. కానీ యంత్రం కాదన్నప్పుడు ఎందుకు కాదన్నదో చెప్పేవాళ్లు పక్కన ఉండాలి. యూరోపియన్ యూనియన్ డబ్బుతో 2016 నుంచి 2019 దాకా ఐబోర్డర్‌కంట్రోల్ అనే ప్రయోగం జరిగింది. ప్రయాణికుడు వెబ్‌క్యామ్ ముందు కూర్చుని తెర మీది బొమ్మ గార్డుకు జవాబులు చెబితే, ముఖ కవళికలను బట్టి అబద్ధమో కాదో కంప్యూటరు తేల్చాలి. శాస్త్రవేత్తలూ హక్కుల సంఘాలూ గట్టిగా విమర్శించారు. నాకు ఇది తలచుకుంటేనే భయం వేస్తుంది. ఆ పెద్దావిడ ముఖం ఆ రాత్రి ఎలా ఉందో నేను చూశాను. ఏ కంప్యూటరైనా ఆ ముఖాన్ని చూసి అబద్ధమనే అంటుంది. ఆవిడ భయానికి కారణం ఆమె దగ్గర లేదు, తలుపు వేసుకున్న ఆ గదిలో ఉంది.

లంచాల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాని మందు కూడా ఇదే. కొన్ని సరిహద్దుల్లో ఆపడానికి అసలు కారణమే డబ్బు. ఏదో ఒక పత్రం తక్కువైందంటారు, ఏ పత్రమో చెప్పరు. ఎంత కట్టాలో నోటితో చెబుతారు, రసీదు ఇవ్వరు. కారణం రాసివ్వాలన్న నియమం ఉంటే ఈ వ్యాపారం నడవదు, లేని కారణాన్ని ఎవరూ సంతకం పెట్టి రాయరు కదా. కిటికీలు తగ్గినా చేతులు తగ్గుతాయి. జాంబియా, జింబాబ్వేల మధ్య జాంబెజీ నది మీద చిరుండు దగ్గర 2009లో రెండు దేశాల తనిఖీనీ ఒకే చోటికి తెచ్చారు. ఆఫ్రికాలో అలాంటి ఏర్పాటు అదే మొదటిది. అంతకుముందు అక్కడ లారీలు రోజుల తరబడి ఆగేవి, ఆ ఎదురుచూపులు బాగా తగ్గాయి.

మనం చేయగలిగింది కూడా కొంత ఉంది. గొంతు పెంచకుండా "దేనికి ఆపారో తెలుసుకోవచ్చా?" అని ఒక్కసారైనా అడగండి. షెంగెన్ దేశాల్లో పక్కకు తీసుకెళ్తే గార్డు నంబరు అడగండి, ఆ హక్కు మీకుంది. మందులకు డాక్టరు చీటీ పేరు కనపడేలా పైన ఉంచుకోండి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి, అనువాదం కావాలని అడగండి. అమెరికా సరిహద్దులో "నేనే నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను" అన్న కాగితానికీ ఐదేళ్ల నిషేధమున్న ఆదేశానికీ చాలా తేడా ఉంది, సంతకానికి ముందు చేతిలో ఉన్నది ఏదో తెలుసుకోండి. దాటాక తేదీ, సమయం, కౌంటరు నంబరు రాసిపెట్టుకోండి. ఫిర్యాదు పంపితే అవి లేకుండా ఎవరూ చదవరు. ఇక మీ ముందున్న మనిషిని ఆపితే, ఆలస్యమవుతోందని ఆ మనిషి మీద విసుక్కోకండి. గార్డునే అడగండి: ఇంకా ఎంతసేపు, ఎందుకు అని. లైనులో నలుగురు అడిగితే జవాబు వస్తుంది.

ప్రభుత్వాలను నేను అడిగేది ఇంకా చిన్నది. షెంగెన్ నియమావళి చివర్లో ఉన్న ఆ తిరస్కరణ పత్రాన్ని ఎవరైనా తెచ్చుకుని చదవచ్చు. తమ చట్టానికి తగ్గట్టు కారణాలు మార్చుకుని, తమ భాషలోనూ పక్క దేశం భాషలోనూ అచ్చువేయించి, ప్రతి భూసరిహద్దు కౌంటరులోనూ ఒక కట్ట పెట్టించాలి. వెనక్కి పంపిన ప్రతి మనిషి చేతిలోనూ ఒక కాపీ, ఆఫీసులో ఒక కాపీ ఉండాలి. పక్కకు పిలిచి అరగంటకు మించి కూర్చోబెట్టినవాళ్లకు కూడా, చివరికి వదిలేసినా సరే, ఒక చిన్న చీటీ ఇవ్వాలి. నెలకోసారి ఆ ఆఫీసు కాపీలను గార్డుల పైఅధికారి కాకుండా బయటి మనిషి ఒకరు కూర్చుని చదవాలి. ఏ కౌంటరు నుంచి ఏ దేశస్థులు, ఏ కారణంతో ఎక్కువగా ఆగుతున్నారో ఆ కాగితాలే చెబుతాయి.